సంబోధనలో చరిత్ర : ‘మాభూమి’ పాటల పునఃశ్రవణం

జానపద బాణీలో సాగి ధ్వనిముద్రణ ద్వారా వ్యాపించిన పాటలను ఏళ్ల తరువాత మళ్లీ విన్నప్పుడు విమర్శ తరచు జ్ఞాపకానికి లోబడుతుంది. తొలి శ్రవణంలోని ఉద్వేగమే పాట విలువగా స్థిరపడుతుంది. 1979 నాటి ‘మాభూమి’ చిత్రగీతాల విషయంలో జరిగింది ఇదే. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, బి. నర్సింగరావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో రూపొందిన ఈ చిత్రంలో, బండి యాదగిరి రచనగా ప్రసిద్ధమైన ‘బండెనక బండి కట్టి’ని గద్దర్, సుద్దాల హనుమంతు రచించిన ‘పల్లెటూరి పిల్లగాడ’ను సంధ్య పాడారు. మొదటిది ధిక్కారగీతంగా, రెండవది కరుణగీతంగా శ్రోతల మనసులో నిలిచాయి. రెండింటి సంబోధనా నిర్మాణాన్ని పరిశీలిస్తే ఈ విభజన నిలువదు.

రెండు పాటలూ ప్రశ్నలే. మొదటిది పాలకుణ్ణి ఏ బండిలో వెళ్లిపోతావని నిలదీస్తుంది. రెండవది పశువులు కాచే పసివాణ్ణి పాలు మరిచి ఎన్నాళ్లయిందని అడుగుతుంది. మొదటి పాట నైజాం ప్రభువును కొడుకు వరసపెట్టి పిలుస్తుంది. తెలంగాణ పల్లె వాడుకలో ఈ పిలుపు లాలనకూ సవాలుకూ సమానంగా చెల్లుతుంది. ‘హుజూర్’ అనే దర్బారీ గౌరవపదాన్ని ఊరి పేరులోనే నిలుపుకొన్న హుజూరాబాద్ వంటి చోట, ఏలికను వరసలోకి దించే ఈ పిలుపు ఎంతటి తిరుగుబాటో వివరించనక్కరలేదు.

వరసను రాజకీయ సాధనం చేయడం పాటకే పరిమితం కాదు. హుజూరాబాద్‌కు సమీపంలోని వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1949లో ప్రకటించిన ‘గొల్ల రామవ్వ’ కథలో, ముసలి రామవ్వ అపరిచితుడైన విప్లవ యువకుణ్ణి తన ఇంటి మనిషిగా చూపి కాపాడుతుంది. పాటలో వరస ప్రభువును కిందికి దించితే, కథలో అది పరాయివాణ్ణి దగ్గరికి తీసింది. రెండింటికీ మూలం ఒకే సామాజిక భాష.

మొదటి పాటలోని ప్రశ్నకు 1948 సెప్టెంబరులో చరిత్ర సమాధానం చెప్పింది. అయినా 1978 నాటి జగిత్యాల జైత్రయాత్ర వెన్నంటే వచ్చిన ఈ చిత్రాన్ని చూసిన కరీంనగర్ శ్రోతకు, ఆ ప్రశ్న ఊరి దొరను ఉద్దేశించినదిగానే వినిపించి ఉంటుంది. ఆ దొరతనం సడలిన నేడు సంబోధ్యుడు కనిపించడు. పాట క్రమంగా వేదికల మీది వారసత్వ చిహ్నంగా మారుతోంది.

రెండవ పాటకు ఆ వెసులుబాటు లేదు. అందులోని ‘జీతగాడు’ నెలజీతపు ఉద్యోగి కాడు. దొర ఇంట ఏడాదికి కుదిరిన, తరచు అప్పుకు కట్టుబడిన పనివాడు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. మూడేళ్లకే వెలువడిన చిత్రంలో ఈ పదం గతకాలపు అవశేషం కాజాలదు. నేటి పాఠకుడు దానిని జీతం తీసుకునేవాడనే అర్థంలో గ్రహిస్తే పాటలోని దోపిడి అదృశ్యమవుతుంది. పదానికి ప్రాంతీయార్థం ఇవ్వని నిఘంటువూ, టిప్పణి లేని పాఠ్యపుస్తకమూ ఈ నష్టానికి కారణం కాగలవు.

కాబట్టి ‘మాభూమి’ పాటల పునర్మూల్యాంకనంలో స్థానాలు మారవలసి ఉంది. ధిక్కారగీతం తన ప్రశ్నకు జవాబు పొంది చరిత్రలో చేరింది. కరుణగీతమని పక్కన పెట్టిన పాట మాత్రం, పని చేస్తున్న ప్రతి పసివాడి ముందూ అదే ప్రశ్నతో నిలబడుతుంది. తొలి శ్రవణంలో మెత్తగా తోచిన ఆ పాటలోనే అభియోగం ఎక్కువ.