పత్రికావిలేఖరి సాక్ష్యము - ప్రామాణ్యవిమర్శ

విషయమును స్వయముగా నెరిగి, ఎరిగినది యెరిగినట్లు చెప్పగోరువాడే ఆప్తుడని నైయాయికుల మతము. స్మృతి పూర్వానుభవము నాశ్రయించి యుండును గాన దానిని వారు ప్రమాణములలో జేర్పరు. సాక్షివాక్యమును విచారించునపుడు చెప్పువాని యాప్తత్వమును, అతని జ్ఞాపకమును వేర్వేరుగ బరీక్షింపవలెను. అమెరికా అధ్యక్షుడగు జాన్ కెన్నడీ హత్యను గూర్చిన విచారణలో సేత్ కాంటర్ అను విలేఖరి యిచ్చిన వాఙ్మూల మిందుకు దగిన యుదాహరణము.

1963 నవంబరు 22వ తేదీన డల్లాసు నగరమున కెన్నడీ తుపాకి కాల్పులకు గురియయ్యెను. అధ్యక్షుని వెంట వచ్చిన విలేఖరులలో కాంటర్ ఒకడు. పార్క్‌లాండ్ వైద్యశాలలో మరణవార్త ప్రకటింపబడుటకు గొంచెము ముందు, మధ్యాహ్నము 1 గంట 30 నిమిషముల ప్రాంతమున, జాక్ రూబీ తన కోటు పట్టి లాగి, పేరుపెట్టి పలుకరించి, తన క్లబ్బులను మూడురాత్రులు మూసివేయుట యుచితమా యని యడిగెనని కాంటర్ చెప్పెను. నవంబరు 24న, హత్యాభియుక్తుడైన ఆస్వాల్డును పోలీసు కార్యాలయమున గాల్చి చంపినవాడు ఈ రూబీయే. కావుననే యీ స్వల్పసంభాషణము పెద్ద వివాదమునకు మూలమయ్యెను.

తాను వైద్యశాలకు బోలేదని రూబీ వాదించెను. 1964లో వారెన్ విచారణసంఘము కాంటరే పొరబడి యుండునని తలచెను. సంఘము చూపిన హేతువులు ముఖ్యముగ మూడు. రూబీ యొక పత్రికాకార్యాలయమును విడిచి 1 గంట 45 నిమిషములలోపల దన క్లబ్బు జేరెను. నడుమ వైద్యశాలకు బోవుటకు వ్యవధి చాలదు. అచట దీసిన చిత్రములలో కాంటర్ కానవచ్చును గాని రూబీ కానరాడు. ఆనాటి యర్ధరాత్రి పోలీసు కార్యాలయమున జరిగిన విలేఖరుల సమావేశమున నిరువురును ఉండిరి. అచటి సమాగమమునే కాంటర్ వైద్యశాలయందు జరిగినట్లు భ్రమించి యుండవచ్చును.

మొదటి హేతువు దుష్కరత్వమును జూపునే కాని యసంభవమును జూపదు. రెండవది యనుపలబ్ధి. ఉన్నచో దప్పక కనబడవలసిన వస్తువు కనబడకున్నపుడే అభావము సిద్ధించును. జనసమ్మర్దమున నున్న ప్రతివాడును చిత్రమున బడి తీరవలెనను నియమము లేదు. మూడవది మరింత దుర్బలము. ఆ సాయంకాలమునకే రూబీ క్లబ్బులను మూయ నిశ్చయించి యుండెను. అర్ధరాత్రమున దిరిగి యా సలహా యడుగుట పొసగదు. ప్రశ్నయే తన కాలమును సూచించుచున్నది.

ఇక నాప్తత్వము. కాంటర్ పూర్వము డల్లాసు పత్రికలో బనిచేసి రూబీ నెరిగినవాడు. కావున నొకనిజూచి మరియొకడని భ్రమించుట కవకాశ మల్పము. వాఙ్మూల మిచ్చునాటికి అతనికి ఫలాపేక్ష కానరాదు. రూబీని గూర్చిన యతని గ్రంథము 1978లో గాని వెలువడలేదు. అటుపిమ్మటి మాటలను మాత్రము మరింత జాగరూకతతో గ్రహింపవలెను. రూబీయో, నరహత్యానేరము మోసినవాడు; ముందుగ సంకల్పము లేదని చూపుట అతనికి బ్రాణావసరము. అట్టివాని నిరాకరణము ప్రబలమని, ఉదాసీనుని మాట దుర్బలమని యెంచుట న్యాయము కాదు. 1979లో అమెరికా ప్రతినిధిసభ నియమించిన సంఘము, కాంటర్ బహుశః పొరబడలేదని నిర్ణయించినది.

అయినను సాక్ష్యమునకు హద్దు కలదు. రూబీ యా వేళ వైద్యశాలలో నుండెననుటయే కాంటర్ మాటవలన దేలునది. అతడేల పోయెను, ఎవరితో గలసి యుండెనను విషయములు దానివలన దేలవు. దాని నాధారముగ గొని కుట్రను సాధింప జూచువారు, సాక్షి చెప్పనిదానిని సాక్షిచే జెప్పించుచున్నారు. సాక్షిని నమ్మకుండుట యెట్టి దోషమో, అతడు చెప్పినదానికంటె నధికముగ నమ్ముటయు నట్టి దోషమే.