శంబుక నాటకములు: గృహదుఃఖము, జాతిన్యాయము

వాల్మీకి రామాయణము ఉత్తరకాండమందలి శంబుకోపాఖ్యానము ఒక తండ్రి దుఃఖముతో ప్రారంభమగును. అకాలమృత్యువు వాతబడిన కుమారుని తెచ్చి ఒక బ్రాహ్మణుడు రాజద్వారమున నిలిచి, ఇది రాజదోషమని మొఱపెట్టెను. శూద్రుడొకడు తపస్సు చేయుటయే కారణమని నారదుడు చెప్పెను. రాముడు వెదకిపోయి, తలక్రిందుగా వ్రేలాడుచు తపస్సు చేయుచున్న శంబుకుని ఖడ్గముతో వధించెను. బాలుడు బ్రదికెను.

మా కుందారపల్లిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక విద్యార్థి, "సార్, శంబుకుని కోసం ఎవరు ఏడ్చినారు?" అని యడిగెను. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే మూలము. మృతబాలునకు తండ్రి కలడు. చంపబడినవానికి ఆ కథలో తల్లి లేదు, ఆలు లేదు, బిడ్డ లేడు. ఎవని యింటి యేడుపు వినబడునో వాని పక్షముననే న్యాయము నిలిచినది.

ఇందలి కలతను భవభూతి గుర్తించెను. ఉత్తరరామచరితము ద్వితీయాంకమున రాముడు కత్తి యెత్తుచు, నిండుచూలాలైన సీతను అడవికంపినవాని చేతికి దయ యెక్కడిదని తన కుడిచేతినే నిందించుకొనును. ఇల్లాలికి చేసిన అన్యాయమును, శూద్రునికి చేయబోవు అన్యాయమును ఒకే చేతి పనులని రాముడే ఒప్పుకొనినట్లయినది. అయినను కవి హతుడైన శంబుకునికి దివ్యరూపమొసగి, అతనిచేతనే రాముని స్తుతింపజేసి, ఆ కలతను చల్లార్చెను.

1920లో వెలువడిన "శంబుకవధ" నాటకమున త్రిపురనేని రామస్వామి చౌదరిగారు దానిని తిరిగి రగిల్చిరి. వారి శంబుకుడు ద్రావిడుడు. రాముడు పురోహితవర్గపు ఒత్తిడికి లోబడిన రాజు. వర్ణభేదమును ఆర్య ద్రావిడ జాతివైరముగా చూచుట ఆనాటి బ్రాహ్మణేతరోద్యమ భావము. దోషము ఒక్క రాజుది కాక వ్యవస్థదని ప్రేక్షకునికి తెలియుట ఈ నాటకమునకు బలము. వర్ణమును రక్తభేదముగా తలచినచో అన్యాయము పరులయందే కనబడుట దీని లోపము. శంబుకుని వారసులమనుకొను కులములును తమకంటె క్రిందివారని తలచిన వారిని గుడివాకిటనే నిలిపిన సంగతి మన యూళ్ళు ఎఱుగును.

మా హోసూరు, కృష్ణగిరి ప్రాంతము తెలుగు, తమిళ, కన్నడముల కూడలి. కావున పొరుగు నాటకమును గూడ చూడవలెను. కువెంపుగారి కన్నడ నాటకము "శూద్రతపస్వి" (1944)లో రాముని బ్రహ్మాస్త్రము శంబుకుని విడిచి, వధ కోరిన బ్రాహ్మణునే వెంటాడును. ఆతడు తన తప్పు తెలిసికొని తపస్వికి నమస్కరించును, బాలుడు బ్రదుకును. పురాణకథను ఇట్లు మార్చుట తగదని మాస్తి వేంకటేశ అయ్యంగారు ఆక్షేపించిరి. నా మనవి వేఱు. ఒక తండ్రి దుఃఖము తీఱుటకు మఱియొకని తల తెగనక్కఱలేదని ఆ మార్పు చెప్పుచున్నది. అయితే అది జరుగవలసినది. త్రిపురనేనివారు చూపినది జరిగినది. మొదటిది మాత్రమే చదివినచో గాయము మఱచెదము. రెండవది మాత్రమే చదివినచో మందు మఱచెదము.

కథలో శంబుకుని కొఱకు ఎవ్వరును ఏడువలేదనియు, అందుచేతనే ఈ నాటకములు పుట్టినవనియు ఆ విద్యార్థికి చెప్పితిని. ఎవరికి ఏ విద్య తగునో పుట్టుకనుబట్టి నిర్ణయించిన కథను విద్యాలయమున చెప్పునప్పుడు, ఈ రెండు నాటకములను ప్రక్కప్రక్కన నుంచి చదివించుట అధ్యాపకుల విధియని నా విన్నపము.