గురువుగారి అభిరుచి

ఐరిషు కవి జేమ్సు కజిన్సు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో సాహిత్యము బోధించిన సంగతి పాఠకు లెఱుగుదురు. అట్లే రష్యనుడైన నబొకోవు 1948 మొదలు సుమారు పదేండ్లు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున తన దేశపు నవలలను బోధించెను. ఆ పాఠములు 1981లో అచ్చయినవి. అన్నా కరెనీనా రాత్రివేళ ప్రయాణించిన రైలుపెట్టె యెట్లుండెనో ఆయన పటము గీచి చూపెను. ఇది పిల్లచేష్ట యనిపించవచ్చును. కాని ఆ యిఱుకు, ఆ చలి తెలిసినగాని ఆమె మనసులోని కలత తెలియదు. ఆయన యూరోపు సాహిత్య తరగతిలో కూర్చుండి, పిదప అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి యైన రూత్ బేడర్ గిన్స్‌బర్గు, తాను చదువు తీరును, వ్రాయు తీరును ఆయనయే మార్చెనని చెప్పుకొనిరి. శిష్యు లిచ్చు సాక్ష్యములలో ఇంతకు మించిన దేమున్నది?

కాని దస్తయేవ్‌స్కీని మాత్ర మాయన సామాన్య రచయితగా తీసివేసెను. ఇచ్చట నేను సమ్మతింపలేను. గురువు గొప్పవాడైనకొలది శిష్యునికి చిక్కు. పుస్తకము విప్పకమునుపే తీర్పు చేతికి వచ్చును. పుంగనూరు విద్యార్థికి రష్యను రాదు. ఇంగ్లీషు మీదుగానో, సోవియట్టు కాలమున మాస్కోలో అచ్చయిన తెలుగు ప్రతులలోనో చదువవలసినదే. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము వంటి చోట ఇట్టి తరగతి నడచినచో, ‘కరమజోవ్ సోదరులు’ మొదట పిల్లల చేతి కిచ్చి, వారు ముగించినపిదపనే నబొకోవు మాట వినిపింపవలెను. రైలుపెట్టె పటమును మాత్రము మొదటిదినముననే గీయవచ్చును.