సన్మానం ఎవరికి, అక్షరం ఎవరిది?

సెప్టెంబరు 8 వచ్చిందంటే అక్షరాస్యతా సన్మానాలు మొదలవుతాయి. శాలువాలు ఎవరి భుజాల మీద పడుతున్నాయని మేము అడుగుతున్నాం.

నెల్లూరు జిల్లానే తీసుకుందాం. 1991లో అక్కడ 'అక్షరదీపం' పేరుతో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఆ ఏటి జనాభా లెక్కల్లో రాష్ట్రంలో ఏడేళ్లు నిండిన దళిత స్త్రీలలో చదువొచ్చినవాళ్లు నూటికి 21 మందే. పగలంతా కూలికి పోయి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు వాచకంలో 'సీతమ్మ కథ' చదివారు. సారా దుకాణాన్ని ఊరి ఆడవాళ్లు మూయించిన కథ అది. దూబగుంటలో అది పాఠంగా ఆగలేదు, నిజంగానే దుకాణం మూతపడింది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

ఈ చరిత్రను సర్కారు అధికారుల విజయంగా రాసుకుంది. పత్రికలు ఒక్క రోశమ్మ పేరుకి కుదించాయి. రోశమ్మను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. సారా బండ్లకు అడ్డం నిలబడ్డ మాల, మాదిగ వాడల ఆడవాళ్లు, జీతం లేకుండా చదువు చెప్పిన ఊరి యువతీ యువకులు ఏ జాబితాలో ఉన్నారన్నదే మా ప్రశ్న.

నేర్చినవాళ్ల తలలు లెక్కబెట్టి ఇచ్చే సన్మానం అక్షరాన్ని సంతకం దగ్గరే ఆపేస్తుంది. చదివినదాన్ని వీధిలోకి తెచ్చిన సమూహాన్ని గుర్తించాలి. చంపాపేట్‌లో గానీ మరెక్కడ గానీ సన్మానం చెయ్యబోయేవాళ్లు ముందు బస్తీకి పోయి అడగాలి: మీకు చదువు చెప్పిందెవరు? ఆ చదువుతో మీరేం చేశారు?