మృతుల పట్టిక, తాయెత్తు: డెఫో ప్లేగు నవల

1665 నాటి లండన్ ప్లేగును ప్రత్యక్షసాక్షి కథనంగా చిత్రించిన డేనియల్ డెఫో నవల ‘ఎ జర్నల్ ఆఫ్ ది ప్లేగ్ ఇయర్’ 1722లో వెలువడింది. మూఢనమ్మకాలపై వివేకం ఇచ్చిన తీర్పుగా దీనిని చదవడం సులభం. కాని గ్రంథం అంత సరళమైనది కాదు.

కథకుడు హెచ్.ఎఫ్. గుర్రపు జీనుల వ్యాపారి. వారంవారం వెలువడే మృతుల పట్టికలను అతడు శ్రద్ధగా పరిశీలిస్తాడు. మామూలుగా 240 నుంచి 300 వరకు ఉండే ఖననాలు 474కు పెరగడం గమనిస్తాడు. ఇతర వ్యాధుల పేర్ల చాటున ప్లేగు మరణాలను దాచారని గ్రహిస్తాడు. కోవిడ్ కాలంలో ‘అదనపు మరణాలు’ లెక్కించిన తర్కం ఇదే.

స్తంభాలకు అంటించిన దివ్యౌషధాల ప్రకటనలనూ, ‘అబ్రకడబ్ర’ తాయెత్తులనూ అతడు ఈసడిస్తాడు. అయితే నగరం విడవాలా వద్దా అన్న సంశయం తనకే కలిగినప్పుడు బైబిలు తిరగేసి, కంటబడిన 91వ కీర్తనను సమాధానంగా స్వీకరిస్తాడు. ఈ వైరుధ్యాన్ని డెఫో సరిదిద్దలేదు. నవల బలం అక్కడే ఉంది.

ఊరికి ఏమవుతోందో పట్టిక చెబుతుంది, తనకేమవుతుందో చెప్పదు. ఆ ఖాళీలోకే తాయెత్తు ప్రవేశిస్తుంది. 2021 మే నెలలో మందు కోసం కృష్ణపట్నంలో బారులు తీరిన వేలమందిని అజ్ఞానులని తోసిపుచ్చేవారు ఈ ఘట్టాన్ని మరొకసారి చదవాలి.