నిరీక్షణ – నియమం – మినహాయింపు: ‘హి ఈజ్ జస్ట్ నాట్ దట్ ఇంటు యూ’ చలనచిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
కెన్ క్వాపిస్ దర్శకత్వంలో 2009 ఫిబ్రవరిలో విడుదలైన ‘హి ఈజ్ జస్ట్ నాట్ దట్ ఇంటు యూ’ అమెరికాలోని బాల్టిమోర్ నగరం నేపథ్యంగా తొమ్మిది మంది స్త్రీపురుషుల ప్రేమానుబంధాలను హాస్యధోరణిలో చిత్రించింది. పురుషుని ఫోన్ కోసం ఎదురుచూడటం స్త్రీలు చేసే పొరపాటు అన్నది ఈ చిత్రం పైకి చెప్పే నీతి. చిత్రంలోని సన్నివేశాలే ఆ నీతికి భిన్నమైన సత్యాన్ని చూపుతాయి. నిరీక్షణ ఒక స్వభావం కాదనీ, ఒక అవస్థ అనీ అలంకారశాస్త్రంలోని నాయికాభేదాల వెలుగులో నిరూపించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రేమ, నిరీక్షణ, అష్టవిధ నాయికలు, సఖి, దూత, హాస్యచిత్రం.

1. ఉపోద్ఘాతం:
‘అతనికి నీ మీద అంత ఇష్టం లేదు’ అన్నది ఈ చిత్రం పేరుకు స్థూలమైన అర్థం. ‘సెక్స్ అండ్ ద సిటీ’ టెలివిజన్ ధారావాహికలో ఒక పురుషపాత్ర తన ప్రియురాలి స్నేహితురాలితో అన్న మాట ఇది. ఆ ధారావాహికకు పనిచేసిన గ్రెగ్ బెహ్రెంట్, లిజ్ టుచిల్లో 2004లో ఇదే పేరుతో స్త్రీలకు సలహాలిచ్చే పుస్తకం రాశారు. కథలేని ఆ పుస్తకానికి ఆబీ కోన్, మార్క్ సిల్వర్‌స్టీన్ కథను సమకూర్చి చిత్రానువాదం చేశారు. సలహా ఎప్పుడూ ఒక నియమాన్ని చెప్తుంది. కథ ఆ నియమాన్ని మనుషుల మధ్య పెట్టి పరీక్షిస్తుంది. ఈ చిత్రంలోని బలం, వైరుధ్యం రెండూ ఇక్కడే పుట్టాయి.

2. కథాసంవిధానం:
చిత్రం ఆటస్థలంలో మొదలవుతుంది. ఒక పిల్లవాడు చిన్నపిల్లను తోసేసి అవమానిస్తాడు. ఏడుస్తున్న బిడ్డతో తల్లి, వాడికి నువ్వంటే ఇష్టం కాబట్టే అలా చేశాడని చెప్తుంది. నిరాదరణను ప్రేమగా చదవటం ఆడపిల్లకు నేర్పే తొలి పాఠమని ఈ సన్నివేశం సూటిగా చూపింది. తర్వాత వేర్వేరు దేశాల స్త్రీలు స్నేహితురాళ్ళను అవే మాటలతో ఓదారుస్తారు. ఇక్కడ ఆఫ్రికా స్త్రీల చేత సింహం ప్రస్తావన చేయించి నవ్వించబోవటం చౌకబారు హాస్యం. సార్వజనీనతను నిరూపించే తొందరలో చిత్రం పరాయి జీవితాన్ని వేళాకోళం చేసింది.

కథ అధ్యాయాలుగా సాగుతుంది. ప్రతి అధ్యాయానికీ పుస్తకం తరహాలో ఒక శీర్షిక, మధ్యలో అనామక వ్యక్తులు కెమెరా వైపు చూసి చెప్పే అనుభవాలు ఉంటాయి. తొమ్మిది మంది కథలనూ కలిపే సూత్రం ఈ నిర్మాణమే.

3. నాయికావస్థలు:
ఆలంకారికులు నాయికలను విరహోత్కంఠిత, ఖండిత, కలహాంతరిత, అభిసారిక మొదలైన ఎనిమిది విధాలుగా చెప్పారు. ఈ విభజనకు ఆధారం స్వభావం కాదు, అవస్థ. ఒకే నాయిక సందర్భాన్ని బట్టి వేర్వేరు అవస్థలు పొందవచ్చు. ఈ చిత్రంలోని స్త్రీలను అర్థం చేసుకోవటానికి ఈ విచక్షణ ఎంతో ఉపకరిస్తుంది.

జిజి ఒక్కసారి కలిసిన కానర్ నుంచి ఫోన్ వస్తుందని ఎదురుచూసే విరహోత్కంఠిత. ఎదురుచూపు భరించలేక, అతని పెన్ను తిరిగి ఇచ్చే నెపంతో అతడు తరచు వచ్చే బార్‌కు వెళ్ళినప్పుడు ఆమె అభిసారిక. కావ్యాల్లో అభిసారిక సాహసానికి గౌరవం ఉంది. చిత్రంలో జిజి సాహసం నవ్వులపాలవుతుంది.

జానీన్ ఖండిత. పరస్త్రీ సంగమ చిహ్నాలతో వచ్చిన నాయకుణ్ణి చూసి కోపించేది ఖండిత. జానీన్ వెతికే చిహ్నం మాత్రం సిగరెట్. భర్త బెన్ పొగతాగటం మానలేదేమోనన్న అనుమానం ఆమెను వేధిస్తుంది. యోగా నేర్పే ఆనాతో సంబంధాన్ని అతడే ఒప్పుకున్నప్పుడు కూడా ఆమె వివాహాన్ని నిలుపుకోవాలనే చూస్తుంది. తర్వాత అతని బట్టల్లో సిగరెట్లు కనిపించినప్పుడు అద్దం పగలగొడుతుంది. వ్యభిచారాన్ని సహించబోయిన మనసు సిగరెట్ దగ్గర విరగటం అసంబద్ధంగా తోచవచ్చు. కాని ఆమెను గాయపరచింది పొగ కాదు, అబద్ధం. చివరకు అతని బట్టలు మడతపెట్టి మెట్ల మీద ఉంచి, సిగరెట్లతోపాటు విడాకులు కోరుతూ చీటీ పెడుతుంది. చిత్రంలో హాస్యం పూర్తిగా తప్పుకొన్న ఘట్టం ఇది.

బెత్ కలహాంతరిత. ఏడేళ్ళు కలిసి జీవించిన నీల్ పెళ్ళికి ఇష్టపడకపోవటంతో అతణ్ణి తానే దూరం చేసుకుంటుంది. తండ్రి జబ్బుపడ్డప్పుడు ఇంట్లో బావలు టెలివిజన్ ముందు కూర్చుంటే, పనులు చక్కబెట్టింది నీల్. పేరుకు భర్తలైనవారికంటే భర్తకాని నీలే భర్త ధర్మం నెరవేర్చాడని ఆమె గ్రహిస్తుంది.

4. సఖి – దూత:
కావ్యనాయిక మనసు తెలుసుకుని దూతను పంపే బాధ్యత సఖిది. శ్రీనాథుని శృంగారనైషధంలో హంస నలదమయంతుల మనసులను ఒకరికొకరికి తెలియజేస్తుంది. క్షేత్రయ్య పదాల్లో నాయిక సఖి ముందే మువ్వగోపాలుని మీద నిష్ఠురాలాడుతుంది. ఈ చిత్రంలో సఖులున్నారు గాని వారు వార్త తేరు, ఓదార్పు మాత్రమే ఇస్తారు. ఇక దూతల సంఖ్య పెరిగింది. పత్రికలో ప్రకటనల విభాగంలో పనిచేసే మేరీ, వాయిస్ మెయిల్, ఈమెయిల్, సంక్షిప్త సందేశం అంటూ ఒక్క తిరస్కారం కోసం అన్ని ద్వారాలూ వెతుక్కోవలసి వస్తోందని వాపోతుంది. దూతలు ఎందరున్నా మనసు చెప్పేవారు లేకపోవటమే ఆధునిక ప్రేమలోని వెలితి అని ఆ సన్నివేశం స్ఫురింపజేస్తుంది.

5. నిరీక్షించే నాయకులు:
అలంకారశాస్త్రం శృంగారనాయకుణ్ణి అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అని నడవడిని బట్టి విభజించింది. కావ్యాల్లో నాయకుని విరహవర్ణనలు ఉన్నా, ఎదురుచూపును ఆధారం చేసుకుని అతనికి ప్రత్యేక భేదాలు చెప్పలేదు. ఈ లోటును చిత్రం తెలియకుండానే పూరించింది. జిజికి ఫోన్ చేయని కానరే ఆనా పిలుపు కోసం ఎదురుచూస్తాడు. ఆమె చిన్న మాటకూ పెద్ద అర్థాలు వెతుకుతాడు. స్త్రీలు లేని సంకేతాలు ఊహించుకుంటారని జిజికి బోధించిన బార్ నిర్వాహకుడు ఆలెక్స్, ఆమె మీద మనసుపడ్డాక తానే ఫోన్ వైపు చూస్తూ గడుపుతాడు.

దీన్నిబట్టి ఎదురుచూసేవారు స్త్రీలు కావటం నియతం కాదని తేలుతుంది. ఏ బంధంలోనైనా నిర్ణయం ఎదుటివారి చేతిలో ఉన్నప్పుడు మిగిలినవారికి సంకేతాలు చదవటం తప్ప మరో దారి ఉండదు. ఆటస్థలంలోని తల్లి నేర్పిన పాఠం మొదట ఆడపిల్లకే అందింది కాబట్టి ఆ అవస్థ ఎక్కువగా స్త్రీలకే సంక్రమించింది.

6. నియమం – మినహాయింపు:
ఆలెక్స్ బోధ ప్రకారం ఇష్టమున్న పురుషుడు తానే వస్తాడు. రాలేదంటే ఇష్టం లేదని అర్థం. ఎవరికో తటస్థించిన అదృష్టం మినహాయింపు మాత్రమే. జిజి నియమానికి లోబడినదే. కాని ముగింపులో అదే ఆలెక్స్ ఆమె గుమ్మం ముందుకు వచ్చి ఆమెను తన మినహాయింపుగా అంగీకరిస్తాడు. పెళ్ళి వద్దన్న నీల్ కూడా ఉంగరం తెస్తాడు. ఓదార్పు అబద్ధాలను ఖండించటానికి బయలుదేరిన చిత్రం ప్రేక్షకులను అదే ఓదార్పుతో ఇంటికి పంపింది. వాణిజ్య ప్రేమచిత్రానికి సుఖాంతం అనివార్యమన్న సమాధానం ఈ వైరుధ్యాన్ని వివరిస్తుందే గాని సమర్థించదు.

అయినా ముగింపు మొత్తం అసత్యం కాదు. జానీన్ కొత్త ఇంట్లో ఒంటరిగా జీవితం మొదలుపెడుతుంది. ఆనా ఎవరికోసమూ ఆగకుండా పాడుతుంది. ఎవరూ ఎన్నుకోకపోయినా వీరి కథలు ఆగిపోలేదు. అంతకుముందు ఆలెక్స్ పార్టీలో అవమానం పొందిన జిజి, పొరపడటం వల్ల నవ్వులపాలైనా ప్రేమకు అతనికంటే తానే దగ్గరగా ఉన్నానని ఎదురుచెప్పింది. చిత్రంలోని అసలు వివేకం ఆ మాటలో ఉంది.

7. ముగింపు:
ఈ చిత్రం స్త్రీలకు సంకేతాలు చదవటం మానమని చెప్పింది. ఎదుటివారిని స్పష్టంగా మాట్లాడమని చెప్పటం మరచింది. నిరీక్షణను స్వభావదోషంగా చూస్తే ఓర్పుతో ఎదురుచూసిన మనిషి హాస్యాస్పదం అవుతుంది. అవస్థగా చూస్తే ఆ అవస్థకు కారణమైన మౌనం ప్రశ్నార్హం అవుతుంది. నాయికల అవస్థలను సూక్ష్మంగా గుర్తించిన అలంకారశాస్త్రం ఈ రెండవ దృష్టికి దారి చూపుతుంది. ఆధునిక ప్రేమచిత్రాల పరిశీలనలో ప్రాచీన నాయికాభేదాలు ఇప్పటికీ ఉపయోగపడే సాధనాలని దీనివల్ల స్పష్టమవుతుంది.