ఒక పాట చెవిన వేయనా?

మా ఇంటికి వచ్చినవాళ్ళు వట్టి చేతులతో వెళ్ళడం నాకు ఇష్టం వుండదు. ఏమీ లేకపోతే పెరట్లో కరివేపాకు నాలుగు రెబ్బలైనా తుంపి చేతిలో పెడతాను. ఈమధ్య ఆ వరసలోకి పాటలు కూడా చేరాయి. "నీకో పాట చెబుతాను, రాత్రి పనులయ్యాక విను" అంటాను. కరివేపాకు తీసుకున్నంత సంతోషంగా పాటని ఎవరూ తీసుకోరు లెండి.

మొన్న పక్కవాటాలో అమ్మాయి వచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది. ఇంగ్లీషు పాటలంటే ప్రాణం. తనకిష్టమైన వాళ్ళ పేర్లు గడగడా అప్పజెప్పింది. అందరూ లోకమంతా ఎరిగినవాళ్ళే. నేను మూడు పేర్లు చెప్పాను. ఒక్కటీ విననే లేదంది. అక్కడితో ఊరుకోకుండా, "బాగా పాడితే పేరు రాకుండా ఎలా వుంటుంది ఆంటీ? రాలేదంటే అంత బాగుండదనేగా?" అంది.

అడగవలసిన ప్రశ్నే. నవలలు రాసేదాన్ని కనక నాకు కాస్త గుచ్చుకుంది కూడా. అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. పిల్ల కాఫీ తాగి వెళ్ళిపోయాక తీరిగ్గా తట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పేరు వాష్టి బన్యన్. ఆ ఇంటిపేరు విని మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. మీరూ నవ్వేయండి, తర్వాత మాట్లాడుకుందాం. 1945లో పుట్టిన ఇంగ్లీషావిడ. ఆక్స్‌ఫర్డులో బొమ్మలు వేయడం నేర్చుకోమని పంపితే, క్లాసులు మానేసి పాటలు కట్టుకుంటోందని అక్కణ్ణుంచి పంపించేశారట. 1965లో మొదటి రికార్డు వచ్చింది. ఆ పాట రాసినవాళ్ళు రోలింగ్ స్టోన్స్ వారి మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్. అంతటివాళ్ళ చెయ్యి పడ్డా పేరు రాలేదు. 1968లో స్నేహితుడితో కలిసి, గుర్రబ్బండి కట్టుకుని, స్కాట్లండు పడమటి దీవులకి బయల్దేరింది. ఆ ప్రయాణం రోజుల్లో కట్టుకున్న పాటలతో 1970 చివర్లో "జస్ట్ అనదర్ డైమండ్ డే" అనే ఆల్బం వచ్చింది. కొన్నవాళ్ళు బహు కొద్దిమంది. ఆవిడ గిటారు ఓ మూల పెట్టేసి, ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ, ముప్ఫై ఏళ్ళు పాటల లోకంలో కనిపించకుండా వుండిపోయింది.

మొదటిసారి వింటే ఇదేమిటి, రేడియోలో బాలానందంలా వుందనిపిస్తుంది. గొంతు గట్టిగా ఎత్తదు. పక్కగదిలో పసివాడు నిద్రపోతున్నట్టు పాడుతుంది. ఆవులు, పొలాలు, వాగులు, ఇవే సరుకు. రెండోసారి వింటే ఆ నడక తెలుస్తుంది. అది బండి నడక. తొందర లేదు, ఆగడమూ లేదు. దీన్ని జానపదమని అందరూ ఓ గంపకింద కమ్మేశారు గాని, తాను జానపద గాయనిని కానని ఆవిడే చాలాసార్లు చెప్పింది. ఆవిడ కావాలనుకున్నది పాప్ గాయని.

ఆ ఆల్బం 2000లో మళ్ళీ అచ్చయింది. కుర్రవాళ్ళు ఎగబడి విన్నారు. ఆ ఊపుతో 2005లో, అరవయ్యో ఏట, ఆవిడ రెండో ఆల్బం చేసింది. దాని పేరు "లుకాఫ్టరింగ్". మనవాళ్ళని కనిపెట్టుకుని వుండడం, చూసుకోవడం అన్నమాట. నడుమ ముప్ఫై అయిదేళ్ళూ ఆవిడ చేసిన పని అదే. లోకం మొదటి ఆల్బాన్ని ఆకాశానికెత్తుతుంది. నా ఓటు రెండోదానికి. మొదటిదాంట్లో అక్కడక్కడ బెల్లం ఎక్కువైంది. రెండోదాంట్లో తీపి తగ్గి, ఉప్పూ కారం సమంగా పడ్డాయి. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన ఇంటిని పాడాలంటే ఆ ఇంట్లో వుండి రావాలి కదూ!

రెండో ఆవిడ సంగతి నాకు చెప్పినవాడు మా పిన్ని కొడుకు. అమెరికాలో వుంటాడు. ఓ అర్ధరాత్రి పాట పంపించి, కింద ఒక్క ముక్క రాశాడు: "అక్కా, పెద్దమ్మ గుర్తొచ్చింది." ఆ పాడినావిడ పేరు సిబిల్ బైయర్. జర్మనీ మనిషి. 1970కీ 1973కీ మధ్య, ఇంట్లో, టేపురికార్డరు ముందు కూర్చుని గిటారు వాయించుకుంటూ పాడుకుంది. ఏ కంపెనీకీ ఇవ్వలేదు. విమ్ వెండర్స్ 1974లో తీసిన "ఆలిస్ ఇన్ ది సిటీస్" సినిమాలో చిన్న వేషం వేసింది. సినిమావాళ్ళ పరిచయాలున్నా ఆ దారిన పోక సంసారం చూసుకుంది. తర్వాత కుటుంబంతో అమెరికా వెళ్ళిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత కొడుకు ఆ టేపుల్లోంచి పాటలు ఏరి, ఇంట్లోవాళ్ళకి కానుకగా ఇద్దామని సీడీలు చేయించాడు. అందులో ఒకటి జే మాసిస్ అనే రాక్ సంగీతకారుడి చేతికి వెళ్ళింది. ఆయన దాన్ని ఒక చిన్న కంపెనీకి ఇచ్చాడు. 2006లో "కలర్ గ్రీన్" పేరుతో పధ్నాలుగు పాటలూ బయటికొచ్చాయి.

ఆ గొంతులో గమకాలు లేవు, విసుర్లు లేవు. వంటింటి గడప మీద కూర్చుని మనతో మాట్లాడుతున్నట్టుంటుంది. దిగులుంది, కానీ మన జాలి అడగదు. లోపమూ వుంది. అన్ని పాటలకీ ఒకటే వాన, ఒకటే మబ్బు. వరసగా పధ్నాలుగూ వినకండి. రోజుకి రెండు చాలు.

ఇక మా తమ్ముడు ఆ ముక్క ఎందుకు రాశాడో చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో వుండగా నాన్న టేపురికార్డరు కొన్నారు. అందరం బతిమాలితే అమ్మ సిగ్గుపడుతూనే రెండు పాటలు పాడింది. క్యాసెట్టు మీద తనే "ఇంటి పాటలు" అని రాసుకుంది. నెల తిరక్కుండా, ఖాళీ క్యాసెట్టు దొరక్క, నేను దానిమీద సినిమా పాటలు ఎక్కించేశాను. తెలిసి కూడా అమ్మ కోప్పడలేదు. "పోనీలేవే, ఇవే బాగున్నాయి" అంది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, ఆ రోజుల్లో నాకు అమ్మ గొంతు పెరటి చెట్టు. ఇప్పుడు అమ్మ లేదు. క్యాసెట్టు వుంది. పైన అమ్మ దస్తూరీ, లోపల సినిమా పాటలు. ఆ జర్మనీ ఆవిడ కొడుకు చేసిన పనికి సరిగ్గా తిరగేసిన పని నేను చేశాను.

మూడోది ఒక మనిషి కాదు, బృందం. పేరు రెయిన్‌కోట్స్. పోర్చుగీసు అమ్మాయి ఆనా డ సిల్వా, ఇంగ్లీషు అమ్మాయి జీనా బర్చ్ లండన్‌లో బొమ్మల కాలేజీలో చదువుతూ మొదలుపెట్టారు. 1979లో మొదటి ఆల్బం వచ్చేనాటికి బృందంలో నలుగురూ ఆడపిల్లలే. ఒకమ్మాయి వయొలిన్. డ్రమ్ములు వాయించే అమ్మాయి పామోలివ్ అని సబ్బు పేరు పెట్టుకుంది!

ముందే చెబుతున్నాను, మొదటి పది నిమిషాలూ గోలగా వుంటుంది. ఎవరి తాళం వాళ్ళది, ఎవరి దారి వాళ్ళది. కానీ పెళ్ళివారి వంటింట్లో నలుగురు ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుకోవడం మీరు వినే వుంటారు. బయటివాడికి అది గోల. లోపల వున్నవాళ్ళకి ప్రతి మాటా అందుతుంది, పనీ సాగుతుంది. ఈ పాటలు అలాంటివి. ఒకరి గొంతు రెండోవాళ్ళ గొంతుని నొక్కదు. రాక్ సంగీతంలో నేను విన్న మగవాళ్ళ బృందాల్లో ఈ సుగుణం తక్కువే.

ఈ ఆల్బం దొరక్కుండా పోయింది. 1992లో దాన్ని వెతుక్కుంటూ ఒకాయన లండన్‌లో రికార్డుల దుకాణానికి వచ్చాడు. అక్కడివాళ్ళు, "ఆనా ఇక్కడే దగ్గర్లో పాతసామాన్ల కొట్లో పనిచేస్తోంది, వెళ్ళి అడగండి" అన్నారు. ఆయన వెళ్ళి అడిగాడు. ఆవిడ తర్వాత ఆల్బం పంపించింది. ఆ వచ్చినవాడు నిర్వానా బృందం కర్ట్ కొబేన్. అప్పటికి ప్రపంచంలో అతని పాట వినని కుర్రకారు లేరు. 1993లో ఆ ఆల్బం మళ్ళీ వచ్చినప్పుడు ముందుమాట రాసింది కూడా అతనే. కోట్లమంది తన పాట వింటూంటే, అతను మాత్రం పాతసామాన్ల కొట్టుకి వెళ్ళి వేరేవాళ్ళ పాట అడిగాడు, చూడండి!

పేరు లేనివాళ్ళంతా గొప్పవాళ్ళని నేననను. పేరు లేకపోవడం యోగ్యత కాదు. అలాంటివి ఎన్నో విని, రాకపోవడమే న్యాయమనుకుని పక్కన పెట్టాను. ఎవరికీ తెలియనిది తనకి తెలుసునని గొప్పలు పోయేవాళ్ళంటే నాకూ చిరాకే. నేను చెప్పేది ఒకటే. పేరు పాటతో పాటు పుట్టదు. ఎవరో ఒకరు విని, ఇంకొకరిని తలుచుకుని, వాళ్ళ చెవిన వేస్తేనే వస్తుంది. కొడుకు వేశాడు, కొబేన్ వేశాడు. వేసేవాళ్ళు లేక టేపుల్లో మూగబోయినవి ఎన్నో. నాలాంటివాళ్ళు చెరిపేసినవి ఇంకెన్నో.

అందుకని పాటల జాబితాలు పంచకండి. అందరికీ ఒకటే చీర పెట్టం కదా! ఎవరి ఒంటికి ఏ రంగు నప్పుతుందో చూస్తాం. అలాగే, పిల్లలు దూరంగా వున్న తల్లికి వాష్టి బన్యన్ రెండో ఆల్బం చెప్పండి. నిద్రపట్టని వాళ్ళకి సిబిల్ బైయర్. నలుగురిలో నోరు మెదపలేని పిల్లకి రెయిన్‌కోట్స్.

నిన్న పక్కవాటా అమ్మాయి మళ్ళీ వచ్చింది. మొదటి రెండూ వింటూ నిద్రపోయిందట. మూడోది పెడితే వాళ్ళమ్మ, "ఇదేం గోలే!" అందట.

"తీసేశావా?" అన్నాను.

"తీసెయ్యబోతే, వుండనీ, పప్పు పొయ్యి మీద వుంది, అది ఉడికేదాకా వుండనీ అంది ఆంటీ."

కరివేపాకు కోసి ఇచ్చి పంపించాను.